బార్‌కోడ్ గోడౌన్ సాఫ్ట్‌వేర్‌ని టాలీతో కలపడం: స్టాక్ పంపాలా, కదలిక పంపాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: భీమవరం, ఆకివీడు, పాలకొల్లులో మూడు గోడౌన్లు ఉన్నాయి. రొయ్యల మేత, చేపల మేత, చెరువు మందులు హోల్‌సేల్. లెక్కలన్నీ టాలీ ప్రైమ్‌లో. ఈ మధ్య బార్‌కోడ్‌తో నడిచే గోడౌన్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. అందులో చూపించే స్టాక్‌కీ, టాలీలో ఉన్న స్టాక్‌కీ ఏ రోజూ పొంతన కుదరడం లేదు. అమ్మినవాళ్లేమో "రోజూ రాత్రి మా స్టాక్ అంతా టాలీలోకి ఎక్కించేస్తాం, తెల్లారేసరికి రెండూ ఒకటే చూపిస్తాయి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా అని మీ ప్రశ్న. పాలకొల్లులో నెట్ సరిగా రాదని కూడా రాశారు.

ఒప్పుకోకండి. వాళ్లు చేయబోయేది టాలీలో ఫిజికల్ స్టాక్ వోచర్ వేయడం (వోచర్ అంటే టాలీలో వేసే ఒక్కో ఎంట్రీ). "ఈ రోజు లెక్కపెడితే ఈ ఐటమ్ ఇన్ని ఉన్నాయి" అని చెప్పే వోచర్ అది. అది వేయగానే టాలీ పాత నిల్వను పక్కన పెట్టి కొత్త అంకెను తీసుకుంటుంది. అంకెలు కలుస్తాయి, అబద్ధం కాదు. కానీ 12 బస్తాలు ఎందుకు తగ్గాయి? బిల్లు వేయడం మరిచారా, ఆకివీడు గోడౌన్‌కి వెళ్లాయా, తడిసి పక్కన పడేశారా, ఎవరైనా పట్టుకుపోయారా? ఆ జాడ అదే రాత్రి చెరిగిపోతుంది. మార్చి నెలాఖరుకి క్లోజింగ్ స్టాక్ విలువ మారిపోయి ఉంటుంది, దాంతోపాటు లాభమూ మారుతుంది. ఆడిటర్ అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. నిజంగా మనుషులు నిలబడి బస్తాలు లెక్కపెట్టిన రోజున మాత్రమే వాడాల్సిన వోచర్ అది.

రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య నడవాల్సింది స్టాక్ అంకె కాదు, సరుకు కదలిక. లారీ దిగితే రిసీట్ నోట్. సరుకు బయటికి వెళ్తే డెలివరీ నోట్. ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి వెళ్తే స్టాక్ జర్నల్. రైతు దగ్గర్నుంచి తిరిగొస్తే రిజెక్షన్స్ ఇన్. గోడౌన్‌లో స్కాన్ పూర్తయిన ప్రతి పత్రానికీ టాలీలో ఒకే ఒక్క వోచర్ పడాలి. అలా పడితే స్టాక్ దానంతటదే కలుస్తుంది. కలవకపోతే ఏ పత్రం దగ్గర తెగిందో దొరుకుతుంది.

దీనికి ముందు ఒక హద్దు గీసుకోవాలి. ఎన్ని బస్తాలు, ఏ బ్యాచ్, ఎప్పటికి గడువు, ఏ గోడౌన్‌లో ఏ దొంతరలో ఉన్నాయన్నది గోడౌన్ సాఫ్ట్‌వేర్ లెక్క. రేటు, పన్ను, పార్టీ బాకీ, బిల్లు నంబరు టాలీ లెక్క. ఒకే సంగతి రెండు చోట్లా మార్చే వీలుంటే ఎప్పటికీ తగవే. పన్ను రేటునే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా, రేట్లు రెండు చోట్లా పెట్టుకున్నవాళ్లు ఒక చోట మార్చి రెండో చోట మరిచిపోయే వీలుంది. గోడౌన్ మనిషికి పన్ను రేటుతో పనేముంది? ఆ గడి అక్కడ అసలు ఉండకూడదు.

మన వ్యాపారంలో అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌లో లేదు, సరుకు వెళ్లే వేళకీ బిల్లు పడే వేళకీ మధ్య ఉన్న ఎడంలో ఉంది. తెల్లవారకముందే ఫోన్ వస్తుంది, "చెరువు మీద మేత అయిపోయింది, 40 బస్తాలు పంపు" అని. ట్రాలీ ఆటో వస్తుంది, జట్టు ఎక్కిస్తుంది, చీటీ మీద సంతకం. బిల్లు ఎవరి పేరున? భూమి ఒకరిది, కౌలు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది. ఆ సంగతి గుమాస్తా వచ్చాక పదకొండింటికో, ఒక్కోసారి రెండు రోజులకో తేలుతుంది. ఈలోగా గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లో 40 తగ్గాయి, టాలీలో తగ్గలేదు. మీరు రోజూ చూస్తున్న తేడాలో సగానికి పైగా ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ఇందుకు టాలీలో మందు ముందునుంచీ ఉంది, మన ఊళ్లలో వాడేవాళ్లే తక్కువ. ఉదయం స్కాన్ అవగానే డెలివరీ నోట్ టాలీలో పడాలి, దానికో ట్రాకింగ్ నంబరు, అంటే ఆ డెలివరీని తర్వాత బిల్లుతో జతచేసే గుర్తు, ఉండాలి. తర్వాత గుమాస్తా సేల్స్ బిల్లు వేసేటప్పుడు అదే ట్రాకింగ్ నంబరు ఎంచుకోవాలి. అప్పుడు స్టాక్ డెలివరీ నోట్ దగ్గరే తగ్గుతుంది, బిల్లు పార్టీ ఖాతాకి డబ్బు మాత్రం ఎక్కిస్తుంది. ట్రాకింగ్ నంబరు ఎంచుకోకుండా బిల్లు వేస్తే 40 బస్తాలు రెండుసార్లు తగ్గుతాయి, మొత్తం 80. సేల్స్ బిల్స్ పెండింగ్ అని ఒక రిపోర్టు ఉంది. సరుకు వెళ్లి బిల్లు పడనివన్నీ అందులో కనిపిస్తాయి. యజమానిగా మీరు రోజూ సాయంత్రం చూడాల్సింది స్టాక్ రిపోర్టు కంటే ముందు అదే. అరువు మీద నడిచే వ్యాపారంలో బిల్లు కాని బస్తా అంటే రాని డబ్బే.

పార్టీ తేలని డెలివరీల కోసం టాలీలో ఒక తాత్కాలిక లెడ్జర్ పెట్టుకోవచ్చు. కానీ అది చెత్తబుట్ట కాకూడదు. మూడు రోజులు దాటితే అందులో ఏదీ ఉండకూడదని నియమం పెట్టండి. ఇంతకంటే మంచి దారి, స్కానర్ తెరమీద పార్టీ బదులు చెరువు కోడ్ ఎంచుకునేలా చేయడం. ఏ చెరువుకి ఏ ఖాతా అన్నది ఒక్కసారి పట్టిక రాసుకుంటే చాలు. ఎత్తేవాళ్లకి చెరువు తెలిసినంత బాగా ఖాతా పేరు తెలియదు.

ఇక మేతకీ మందులకీ ఒకే ఆటో వెళ్లిందనుకోండి. ఆక్వా మేతకి జీఎస్టీ లేదు, మందుల్లో చాలావాటికి ఉంది. కాబట్టి రిజిస్టర్డ్ డీలర్‌కి పంపితే ఒక డెలివరీ నోట్‌కి రెండు పత్రాలు: మేతకి బిల్ ఆఫ్ సప్లై, మందులకి టాక్స్ ఇన్వాయిస్. ఒకే ట్రాకింగ్ నంబరులోని లైన్లను రెండు బిల్లులకీ పంచుకోవచ్చు. అమ్మినవాళ్ల సాఫ్ట్‌వేర్ "ఒక డెలివరీకి ఒక బిల్లు" అని గట్టిగా కట్టేసి ఉంటే ఇక్కడ ఇరుక్కుంటారు, ముందే అడగండి. ఇంకో సంగతి, ఈ-ఇన్వాయిస్‌కి 5 కోట్ల టర్నోవర్ పరిమితి చూసేటప్పుడు పన్ను లేని మేత అమ్మకం కూడా కలుస్తుంది. మందుల అమ్మకం చిన్నదే కదా అని తప్పించుకోలేరు. ఈ-వే బిల్లుకి మాత్రం, పన్ను ఉన్నవీ లేనివీ ఒకే ఇన్వాయిస్‌లో ఉంటే పన్ను లేని సరుకు విలువ 50 వేల లెక్కలోకి రాదు. ఇవన్నీ టాలీ వైపే ఉంచండి. బిల్లు నంబరు కూడా టాలీయే ఇవ్వాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. గోడౌన్ సాఫ్ట్‌వేర్ తన నంబరును రిఫరెన్స్ గడిలో పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఐటమ్ మాస్టర్, అంటే సరుకుల పేర్ల పట్టిక. చాలా ప్రాజెక్టులకు హంసపాదు ఇక్కడే. టాలీలో ఐటమ్ పేర్లు ఏళ్ల తరబడి ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టినవి. ఒకే మేత "3 నంబరు", "నెం.3", "3 25కేజీ" అని మూడు చోట్ల ఉంటుంది. కలిపే ముందు కూర్చుని ఏరండి, ఇది వెండర్ చేసే పని కాదు, మీ దగ్గర పాత గుమాస్తా ఎవరున్నారో వాళ్లే చేయాలి. తర్వాత బార్‌కోడ్‌ను ఐటమ్‌కి అలియాస్‌గా, అంటే మారుపేరుగా పెట్టండి. అప్పుడు టాలీలో కర్సర్ ఐటమ్ గడిలో ఉండగా స్కాన్ చేసినా అదే ఐటమ్ వస్తుంది. కొత్త ఐటమ్ ఎప్పుడూ టాలీలోనే పుట్టాలి, అక్కడి నుంచి గోడౌన్‌కి వెళ్లాలి. రెండింటి మధ్య జత పేరుతో కట్టకుండా టాలీ ప్రతి ఐటమ్‌కీ ఇచ్చే జీయూఐడీ అనే గుర్తుతో కట్టమనండి. పేరు మార్చినా అది మారదు. పేరుతో కడితే, ఎవరో ఒక స్పేస్ సరిచేసిన రోజున "స్టాక్ ఐటమ్ లేదు" అని ఎర్రర్లు మొదలవుతాయి.

ఎక్సెల్ మీద ఒక హెచ్చరిక. కంపెనీ బార్‌కోడ్ 13 అంకెలది, మన దేశంలో రిజిస్టరైనవి 890తో మొదలవుతాయి. ఆ గడిని టెక్స్ట్‌గా పెట్టకుండా ఫైలు తెరిచి సేవ్ చేస్తే ఎక్సెల్ దాన్ని 8.90తో మొదలై E+12తో ముగిసే కుదించిన సంఖ్యగా చూపిస్తుంది. ఆ ఫైలును సీఎస్‌వీగా సేవ్ చేశారంటే చివరి అంకెలన్నీ గల్లంతు. ముందు సున్నా ఉన్న మీ సొంత కోడ్‌లకైతే సున్నా ఎగిరిపోతుంది.

యూనిట్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కొంప ముంచేది అదే. టాలీలో మేతకి మూల యూనిట్ బస్తా పెట్టి, కిలోను ప్రత్యామ్నాయ యూనిట్‌గా పెట్టండి, 1 బస్తా అంటే 25 కిలోలు. గోడౌన్ సాఫ్ట్‌వేర్ కూడా బస్తాలే పంపాలి. చేప మేతకి బస్తా బరువు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ప్రతి బరువుకీ వేరే ఐటమ్. మందుల దగ్గర స్కీములు ఉంటాయి: 20 డబ్బాలకి 2 ఉచితం. గోడౌన్‌లో స్కాన్ అయ్యేవి 22, బిల్లు పడాల్సింది 20కి. టాలీలో యాక్చువల్ (నిజంగా వెళ్లినవి), బిల్డ్ (బిల్లు పడినవి) అని రెండు పరిమాణాల గళ్లు విడివిడిగా తెరిచే సెట్టింగ్ ఉంది. కనెక్టర్ (రెండు సాఫ్ట్‌వేర్లనీ కలిపే ప్రోగ్రాం) ఈ రెండిటినీ వేరువేరుగా పంపుతుందో లేదో చూపించమనండి. రెండిట్లోనూ 22 పంపితే డీలర్ నుంచి ఫోన్ వస్తుంది. రెండిట్లోనూ 20 పంపితే ఫోన్ రాదు, స్టాక్‌లో 2 మిగులు కనిపిస్తుంది. రెండోదే ప్రమాదం.

లేబుళ్ల దగ్గర అమ్మేవాళ్ల మాట పూర్తిగా వినకండి. బస్తాకో లేబుల్ అంటించి ప్రతి బస్తా స్కాన్ చేయాలంటారు. 10 టన్నుల లారీ అంటే 400 బస్తాలు, తల మీద మోసే జట్టు ప్రతి బస్తాకీ ఆగదు. మొదటి వారం ఆగుతారు, రెండో వారం ఒకే బస్తాను 40 సార్లు స్కాన్ చేసి పంపుతారు. మేతకి దొంతర లేబుల్ చాలు: ఐటమ్, బ్యాచ్, తయారీ తేదీ, దించిన తేదీ. దొంతరను స్కాన్ చేసి ఎన్ని తీశారో అంకె కొట్టాలి. మందులకి మాత్రం ప్రతి పెట్టె స్కాన్ చేయాల్సిందే, అక్కడ విలువ ఎక్కువ, గడువు ముఖ్యం. కంపెనీ బస్తా మీద ముందే ముద్రించిన బార్‌కోడ్ సాధారణంగా ఐటమ్‌ని మాత్రమే చెబుతుంది. బ్యాచ్, తేదీ విడిగా కొట్టి ఉంటాయి కాబట్టి లారీ దిగినప్పుడే చూసి ఎక్కించాలి.

కొన్ని మందుల పెట్టెల మీద జీఎస్1-128 కోడ్ ఉంటుంది. అందులో 01 తర్వాత ఐటమ్ నంబరు, 17 తర్వాత గడువు తేదీ, 10 తర్వాత బ్యాచ్ ఉంటాయి. దాన్ని విడగొట్టి చదివే సెట్టింగ్ స్కానర్‌లో గానీ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఉండాలి, లేకపోతే మొత్తం ఒక పొడుగాటి సంఖ్యగా వచ్చి ఏ ఐటమ్‌కీ తగలదు. ప్రింటరు కొనేటప్పుడు డైరెక్ట్ థర్మల్ వద్దు. రేకుల షెడ్డు కింద వేసవి వేడికి ఆ కాగితం నల్లబడుతుంది. రిబ్బన్‌తో కొట్టే థర్మల్ ట్రాన్స్‌ఫర్, రెజిన్ రిబ్బన్, ప్లాస్టిక్ లేబుల్ తీసుకోండి. మన తేమకి కాగితం లేబుల్ కూడా ఊడిపోతుంది.

కనెక్టర్ లోపలి పని గురించి మీరు ప్రోగ్రామర్ కానక్కర్లేదు, నాలుగు సంగతులు తెలిస్తే చాలు. టాలీ నడుస్తున్న కంప్యూటర్‌లో అది ఒక సర్వర్‌లా కూడా పనిచేస్తుంది, మామూలుగా 9000 పోర్టు మీద. కనెక్టర్ అక్కడికి ఎక్స్‌ఎంఎల్ రూపంలో వోచర్ పంపుతుంది, టాలీ జవాబిస్తుంది: ఎన్ని క్రియేట్ అయ్యాయి, ఎన్ని మారాయి, ఎన్ని ఎర్రర్లు అని. ఆ జవాబు చదివి, క్రియేట్ అయిందని రూఢి అయ్యాకే "పంపాం" అని గుర్తు పెట్టుకోవాలి. పంపేసి జవాబు చూడని కనెక్టర్లు నేను చాలా చూశాను. కంపెనీ ఓపెన్ చేసి లేకపోయినా, ఏప్రిల్‌లో డేటా స్ప్లిట్ చేసి (పాత ఏడాది లెక్కలు విడదీసి) కంపెనీ పేరు మారినా అవి గుట్టుచప్పుడు కాకుండా ఆగిపోతాయి. ఐటమ్ పేరులో "&" ఉంటే ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని వేరే రకంగా రాయాలి, రాయకపోతే ఆ వోచర్ వెళ్లదు. మందుల పేర్లలో ఈ గుర్తు తరచూ ఉంటుంది.

నెట్ మధ్యలో పోతే? టాలీలో వోచర్ పడింది, జవాబు మాత్రం వెనక్కి రాలేదు. కనెక్టర్ మళ్లీ పంపుతుంది. ప్రతి వోచర్‌తో రిమోట్ ఐడీ అని ఒక గుర్తు పంపే వీలుంది. అదే గుర్తుతో మళ్లీ వస్తే టాలీ కొత్త వోచర్ వేయకుండా పాతదాన్నే సరిచేస్తుంది. వెండర్‌ని మీ ముందు కూర్చోబెట్టి, వోచర్లు వెళ్తుండగా నెట్ కేబుల్ పీకండి, తిరిగి పెట్టండి. డూప్లికేట్ వస్తే మిగతా డెమో చూడక్కర్లేదు. ఈ పరీక్షలన్నీ కంపెనీ డేటా కాపీ మీదే చేయండి. లైసెన్స్ లేని ఎడ్యుకేషనల్ మోడ్‌లో అయితే నెలలో 1, 2, ఆఖరి తేదీలు మాత్రమే తీసుకుంటుంది, అది చూసి కనెక్టర్ చెడిపోయిందని కంగారు పడకండి.

ఆ 9000 పోర్టును రౌటర్‌లో బయటి నెట్‌కి తెరవమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అక్కడ తాళం లేదు, దారి తెలిసినవాడు మీ లెక్కలన్నీ చదవగలడు. కనెక్టర్ మీ టాలీ కంప్యూటర్‌లోనే ఉండి, తనే బయటికి వెళ్లి క్లౌడ్ నుంచి పత్రాలు తెచ్చుకోవాలి. ఆ కంప్యూటర్ మీద టాలీని వేరే యూజర్ పేరుతో తెరిచి ఉంచండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఎవరు ఏం మార్చారో రాసే చిట్టా) తప్పనిసరి, అందులో మనిషి వేసిందేదో కనెక్టర్ వేసిందేదో విడిగా కనిపించాలి.

గోడౌన్ల మధ్య బదిలీకి టాలీలో "దారిలో" అని నాలుగో గోడౌన్ పెట్టండి. భీమవరంలో ఎక్కించినప్పుడు అందులోకి, పాలకొల్లులో దించి స్కాన్ చేసినప్పుడు అందులోంచి. రాత్రికి అందులో ఏదైనా మిగిలితే డ్రైవర్‌కి ఫోన్ చేయొచ్చు. పట్టుబడి (చెరువులో రొయ్యలో చేపలో పట్టడం) అయ్యాక రైతులు తిప్పి పంపే బస్తాలకి కూడా వేరే గోడౌన్ కావాలి. మూట విప్పినవీ, తడి తగిలినవీ తేలేదాకా అమ్మే స్టాక్‌లో కలవకూడదు. మందులు గడువు దాటి పారేయాల్సి వస్తే స్టాక్ జర్నల్ వేసి, వాటి మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, పన్నులో తగ్గించుకున్న జీఎస్టీ) వెనక్కి కట్టాలి, ఆ జాబితా నెలనెలా మీ ఆడిటర్‌కి వెళ్లాలి.

ఇంత చేసినా తేడాలు వస్తాయి. తేడా ఆకారం చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. టాలీలో స్టాక్ తక్కువై, ఆ తేడా ఏదో ఒక బిల్లు పరిమాణానికి సరిగ్గా సమానమైతే ట్రాకింగ్ నంబరు మరిచారు. 40 బదులు 1000 అని ఉంటే, అంటే తేడా 960, కిలోలు బస్తాలుగా పడ్డాయి. మొత్తం సరిపోయి బ్యాచ్‌ల దగ్గర తేడా ఉంటే వేరే దొంతరలోంచి తీశారు. ఒక ఐటమ్‌లో ఎన్ని ఎక్కువో పక్క సైజులో అన్నే తక్కువైతే తప్పు లేబుల్ అంటించారు. టాలీ మైనస్ స్టాక్‌ని హెచ్చరించి వదిలేస్తుంది, గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు వదలవు. కాబట్టి టాలీలో మైనస్ కనిపిస్తే రిసీట్ నోట్ ఏదో రాలేదని అర్థం. విలువల తేడా గురించి మాత్రం బెంగ వద్దు. గోడౌన్‌లో గడువు దగ్గరున్నది ముందు పంపుతారు, టాలీ సగటు ధరతో లెక్కగడుతుంది. ఆ రెండూ కలవాల్సిన పని లేదు.

ఒకేసారి మూడు చోట్లా మొదలుపెట్టకండి. మేత అమ్మకం తగ్గే రోజులు చూసి ఆకివీడుతో మొదలుపెట్టండి. ఒక ఆదివారం షట్టర్ దించి బస్తాలన్నీ లెక్కపెట్టి, ఆ అంకెతో రెండు సాఫ్ట్‌వేర్లనూ ఒకే తేదీన తెరవండి. ఫిజికల్ స్టాక్ వోచర్‌కి సరైన రోజు అదీ.

పాలకొల్లు నెట్ విషయానికొస్తే, స్కానర్ ఆఫ్‌లైన్‌లో పనిచేయాలి, నెట్ వచ్చినప్పుడు పంపాలి. అది అందరూ చేస్తామంటారు. మీరు చూడాల్సింది తేదీ. 31 సాయంత్రం స్కాన్ చేసిన సరుకు 1వ తేదీ ఉదయం సర్వర్‌కి చేరితే టాలీలో 31 తేదీతోనే పడాలి. చేరిన తేదీతో పడితే నెలాఖరు స్టాక్, జీఎస్టీ రెండూ తప్పుతాయి. స్కానర్ గడియారాన్ని చేత్తో మార్చే వీలు లేకుండా లాక్ చేయించండి. పరీక్షకి ఒక నెలాఖరు రాత్రి స్కానర్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రెండు డెలివరీలు కొట్టించి, మర్నాడు టాలీ డే బుక్‌లో అవి ఏ తేదీ కింద ఉన్నాయో చూడండి.